వ్యాయామంలో దమ్ము కోసం నైట్రేట్ చవకగా ఎందులో పడుతుంది: బీట్‌రూటా, బీట్‌రూట్ పొడా, నైట్రేట్ ఉప్పా?

తూకంరాయి: కావలసింది వ్యాయామానికి 2–3 గంటల ముందు 400 మి.గ్రా. నైట్రేట్. 2018 నాటి ఐఓసీ (అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ) ప్రకటన చెప్పిన 310–560 మధ్యలోనే ఉంది. లెక్క అందులోని నైట్రేట్ భాగానికే (అయాన్‌కి), డబ్బా బరువుకి కాదు. ఏది కిట్టుబాటు?

లేబుల్_చూడు: ముందు శాతాలు. సోడియం నైట్రేట్‌ బరువులో 73 శాతం నైట్రేట్, పొటాషియం నైట్రేట్‌లో 61; జిమ్ డబ్బాల్లో కలిపే బీటైన్ నైట్రేట్‌లో 34, క్రియాటిన్ నైట్రేట్‌లో 32, ఆర్జినిన్ నైట్రేట్‌లో 26. స్కూపుకి గ్రాము ఆర్జినిన్ నైట్రేట్ వేసిన డబ్బా 260 మి.గ్రా. దగ్గరే ఆగిపోతుంది. "ప్రొప్రయటరీ బ్లెండ్" (ఏది ఎంతో చెప్పని మిశ్రమం) అని ఉంటే లెక్క వేయడానికే వీల్లేదు, పక్కన పెట్టేయండి.

బీట్‌బాబాయి: ఈ లెక్కలన్నీ ఎందుకురా? కిలో దుంపలు 40 రూపాయలనుకో. 100 గ్రాములకి 150 మి.గ్రా. ఉన్నా, పిప్పిలో పోయేది పోగా 350–400 గ్రాముల దుంపల రసం చాలు. 16 రూపాయలు. ఉడికించి నీళ్లు పారబోయకు, నైట్రేట్ ఆ నీళ్లలోకే దిగిపోతుంది.

తూకంరాయి: ఆ 150 అన్నది ఎక్కడిది బాబాయ్? మడిలో నత్రజని దండిగా వేసినా, ఎండ తగలకపోయినా అది మారిపోతుంది. దుంపకి లేబుల్ ఉండదు.

బీట్‌బాబాయి: పొడికి మాత్రం ఉంటుందా?

తూకంరాయి: కొలవచ్చు. అక్వేరియం నైట్రేట్ స్ట్రిప్ (చేపల తొట్టి నీళ్లలో నైట్రేట్ చూసే పట్టీ) తెచ్చి, లీటరు ఆర్‌ఓ నీళ్లలో గ్రాము పొడి కలిపి, తేరిన నీళ్లలో ముంచండి. లీటరుకి 20 మి.గ్రా. చూపిస్తే పొడి గ్రాముకి 20 మి.గ్రా., అంటే 2 శాతం. పొడి కిలో 800 అయితే మోతాదుకి 20 గ్రాములు, 16 రూపాయలు. 10 చూపిస్తే 32 రూపాయలు. ఒట్టి నీళ్లని ముందు పరీక్షించండి. మన బోరు నీళ్లలో తాగునీటి పరిమితి, లీటరుకి 45 మి.గ్రా., దాటిన చోట్లున్నాయి, రీడింగంతా నీళ్లదే అవుతుంది.

డ్రిప్పు_రైతు: ఇంత గొడవెందుకు, 13-0-45 ఎరువు కూడా పొటాషియం నైట్రేటే కదా? 25 కిలోల బస్తా తెస్తే జీవితాంతం సరిపోతుంది.

లేబుల్_చూడు: అది మొక్కకి. ఎరువులో పెర్‌క్లోరేట్, భారలోహాలు తిండి ప్రమాణానికి చూడరు. పెర్‌క్లోరేట్ థైరాయిడ్‌కి అయోడిన్ అందనివ్వదు. తినేదైతే ఐఎన్‌ఎస్ 252 (తిండిలో కలిపేవాటి అంతర్జాతీయ నంబరు) అని ఉండాలి.

డ్రిప్పు_రైతు: అణువు ఒకటే కదా?

లేబుల్_చూడు: అణువు ఒకటే, బస్తా ఒకటి కాదు! ఎన్నిసార్లు చెప్పాలి?

ఆకుకూర: తోటకూరలో నైట్రేట్ బీట్‌రూట్‌కి తీసిపోదు. ఆక్సలేట్ ఎక్కువ, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు వద్దు.

బీట్‌బాబాయి: 252 తెచ్చి ఇంట్లో దేంతో తూస్తారు? 0.65 గ్రాములు కావాలి. వంటింటి స్కేలు గ్రాము కంటే కింద చూపదు. పైగా ఐఎన్‌ఎస్ 250 నైట్రైట్. తెలుగులో రాస్తే ఒక్క గుణింతం తేడా. అది గ్రాము లోపలికి పోతే పెదాలు నీలమై ప్రాణం మీదికొస్తుంది.

తూకంరాయి: 0.01 గ్రాము చూపే స్కేలు కొంటే సరి. మీరు ధర మీద ఓడిపోయి భయం మీదికి దూకారు.

బీట్‌బాబాయి: ఓడిపోయానా? దుంప, పొడి రెండూ 16 రూపాయలే అని నువ్వే తేల్చావు. జెక్ఫా (తిండిలో కలిపేవాటి మీద ఎఫ్ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓల నిపుణుల కమిటీ) రోజు పరిమితి కిలో బరువుకి 3.7 మి.గ్రా. 70 కిలోల మనిషికి 259. నీ 400 అప్పుడే దాటేసింది.

లేబుల్_చూడు: మీ గ్లాసు కూడా దాటుతుంది బాబాయ్. రసంలోదైనా అదే అయాన్.

బీట్‌బాబాయి: దాటనీ. రెండో గ్లాసుకి కడుపే అడ్డం పడుతుంది. చెంచాడు ఉప్పుకి ఆ అడ్డు లేదు. కుర్రాళ్లు ఒకటి పనిచేస్తే మూడు వేసుకుంటారు. నా అభ్యంతరం అది, రూపాయలు కాదు.

తూకంరాయి: మొదట్లోనే ఆ మాట అనుంటే బాగుండేది. సరే, ఉప్పు మానేస్తా. పొడి కొలిచి వాడతా.

ఆకుకూర: బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడగందే ఏదీ మొదలుపెట్టొద్దు. క్రిములు చంపే మౌత్‌వాష్ పుక్కిలిస్తే మూడూ వృథా, నైట్రేట్‌ని కొద్దికొద్దిగా, ఒంటికి పనికొచ్చేంత నైట్రైట్‌గా చేసేది నాలుక మీది బ్యాక్టీరియానే.

డ్రిప్పు_రైతు: స్ట్రిప్ డబ్బా మీద "నైట్రేట్-నైట్రోజన్" అని ఉంటే?

తూకంరాయి: ఆ అంకె నత్రజనిది మాత్రమే, 4.43తో గుణిస్తే నైట్రేట్ వస్తుంది. బస్తా మాత్రం పొలానికే.