లాస్ పీన్యాస్ వెదురు ఆర్గన్: కొన్ని సందేహాలు

ప్రశ్న:
ఉద్యోగరీత్యా మనీలాలో ఉంటున్నాను. ఇక్కడికి దగ్గరలోనే లాస్ పీన్యాస్ సెయింట్ జోసెఫ్ చర్చిలో వెదురు గొట్టాలతో చేసిన పైప్ ఆర్గన్ (గొట్టాల్లోకి గాలి పంపి కీబోర్డుతో వాయించే వాద్యం) ఉందని తెలిసి మొన్న చూసి వచ్చాను. చిన్నప్పటి నుంచి మా ఊరి చర్చిలో హార్మోనియం తప్ప మరొకటి ఎరుగని నాకు రెండు సందేహాలు కలిగాయి. లోహం దొరకకనే వెదురు వాడారా? ఇప్పటికీ అది పూజలో మోగుతోందా, లేక చూపుడు వస్తువుగా మిగిలిపోయిందా?

జవాబు 1:
దాన్ని కట్టినవారు ఆ విచారణ (చర్చి పరిధి) గురువే. స్పెయిన్ నుంచి వచ్చిన దియేగో సేరా అనే ఆ అగస్టీనియన్ సన్యాసి 1816లో పని మొదలుపెట్టి 1824లో ముగించారు. మొత్తం 1,031 గొట్టాలలో 902 వెదురువి, 129 లోహపువి. అంటే లోహం ఆయనకు అందుబాటులో లేకపోలేదు. చుట్టుపక్కల విరివిగా దొరికే వెదురుతో పని జరుగుతున్నప్పుడు ఖరీదైన లోహం ఎందుకని అనుకొని ఉంటారని నా ఊహ. వెదురును కోసిన తరువాత పురుగు పట్టకుండా కొన్ని నెలలపాటు సముద్రపు ఇసుకలో పాతిపెట్టారట. మన పల్లెల్లో పందిళ్లకు వాడే వెదురు పుచ్చిపోకుండా చెరువులో నానవేయడం చూసినవారికి ఇది వింతగా తోచదు.

జవాబు 2:
పై జవాబుకు చిన్న చేర్పు. హార్మోనియంలో రీడు, అంటే సన్నని లోహపు నాలుక, కంపించి పలుకుతుంది. ఇక్కడి వెదురు గొట్టం పిల్లనగ్రోవి వలె, అంచుకు గాలి తగిలి లోపలి గాలి కంపించడం వల్ల పలుకుతుంది. స్థాయిని ప్రధానంగా నిర్ణయించేది గొట్టం పొడవే కనుక, లోపల నున్నగా, గాలి కారకుండా ఉంటే వెదురు కూడా చక్కగా సరిపోతుంది. ట్రంపెట్ స్టాప్ (ఒకే రకం నాదమిచ్చే గొట్టాల వరుసను స్టాప్ అంటారు) సంగతి వేరు. అందులో రీడు ఉంటుంది, దానిపై గొట్టం క్రమంగా వెడల్పవుతూ పోవాలి, ఆ ఆకారం వెదురుకు రాదు. అందుకే ముందుకు అడ్డంగా పొడుచుకొని వచ్చిన ఆ బాకాలు లోహంతో చేసినవి. కీబోర్డు ఒక్కటే అయినా, స్పెయిన్ పద్ధతిలో ఎడమ సగానికి, కుడి సగానికి వేర్వేరు స్టాప్‌లు ఉండడం వల్ల ఒక చేత్తో పాటను, మరో చేత్తో వేరే నాదాన్ని పలికించవచ్చు.

జవాబు 3:
మీ రెండవ సందేహానికి వస్తాను. అది మూగబోయిన కాలం లేకపోలేదు: 1880లో భూకంపం, 1882లో తుఫాను చర్చిని దెబ్బతీశాయి, ఆర్గన్ చాలాకాలం పాడుబడి ఉంది. చివరికి 1973లో విప్పి జర్మనీలోని బాన్ నగరానికి, ఆర్గన్లు తయారుచేసే క్లాయిస్ సంస్థకు పంపారు. యూరప్ చలికాలపు పొడి గాలికి వెదురు పగులుతుంది కనుక, అక్కడ ఫిలిప్పీన్స్ వేడిని, తేమను తలపించే గదిని ప్రత్యేకంగా ఏర్పాటు చేసి అందులో మరమ్మతు జరిపారు. 1975లో తిరిగి వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం నుంచి ఫిబ్రవరిలో దాని పేరిట అంతర్జాతీయ సంగీతోత్సవం జరుగుతోంది. పూజలోనూ మోగుతుంది. కీబోర్డు మెట్టు నొక్కి ఉంచినంతసేపూ స్వరం సన్నగిల్లదు కనుక, గుడి నిండా ఉన్న జనం ఊపిరి తీసుకొనే చోట కూడా కీర్తన తెగిపోదు. పియానోతో ఇది సాధ్యం కాదు.

ప్రశ్న వేసినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నేను వెళ్లిన వేళ ఎవరూ వాయించడం లేదు, కాబట్టి ఆదివారం పూజకు మళ్లీ వెళ్తాను. అక్కడ పిట్టల కూత కూడా వినిపిస్తుందని ఒకరు అన్నారు, నిజమేనా?

జవాబు 2:
నిజమే. పజారీటోస్ అనే స్టాప్ తెరిస్తే, నీళ్లున్న పాత్రలోకి మూతులు వంచిన సన్నని గొట్టాలలో గాలి బుడగలై కూస్తుంది. నీళ్లు ఆవిరైపోతే పిట్టలు పలకవు కనుక, వాయించే ముందు పాత్ర నిండుగా ఉందో లేదో చూసుకోవలసిందే.