పదహారేళ్ల పేషెంటు తన కేస్ షీటు చూపించమంటే ఏం చేయాలి?

ప్రశ్న: కౌన్సెలర్‌ని. డిప్రెషన్‌కి మందులు వాడుతున్న పదహారేళ్ల అమ్మాయి, తన గురించి మేం రాసిందంతా చదవాలంటోంది. చదివి ఇంకా కుంగిపోతుందేమోనని మా సీనియర్లు వెనకాడుతున్నారు. రికార్డులు ఆన్‌లైన్‌లో చూసే పోర్టల్ లాగిన్ వాళ్లమ్మగారి దగ్గర కూడా ఉంది. మీ దగ్గర ఎలా చేస్తున్నారండీ?

సైకియాట్రీ డాక్టర్: చూపించండి. కాకపోతే మొదటిసారి ఒంటరిగా ఇంటికి పంపి చదివించొద్దు, పక్కన కూర్చుని చదివించండి. డయాగ్నోసిస్ మాత్రం అంతకుముందే నోటితో చెప్పి ఉండాలి, కాగితం మీద చూసి తెలుసుకోకూడదు. భయమేస్తే ఫైలు మొత్తం దాచేయడం పద్ధతి కాదు. భారత్‌లో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 25వ సెక్షన్ కూడా తీవ్రమైన మానసిక హాని గానీ ఇతరులకు హాని గానీ జరుగుతుందనుకున్న సమాచారాన్నే ఆపనిస్తుంది. ఆపితే, ఆ సమాచారం ఇప్పించమని మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకి వెళ్లొచ్చని పేషెంటుకి చెప్పి తీరాలి.

నర్సు: నన్నడిగితే అమ్మాయి చదవడం కన్నా అమ్మగారి లాగిన్‌తోనే చిక్కు. స్వీడన్‌లో పిల్లలకు 13 నిండేదాకా తల్లిదండ్రులు ఆన్‌లైన్‌లో రికార్డు చూడొచ్చు, 16 నుంచి పిల్లలే చూసుకోవచ్చు. మధ్యలో మామూలుగా ఇద్దరికీ తెరవరు. అంత కఠినంగా అక్కర్లేదు గానీ, ముందు ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళ్తోందో చూడండి. పేరుకి పిల్లల అకౌంటే, నంబరు నాన్నగారిది! నోట్సు దాచినా మందుల లిస్టులో, అపాయింట్‌మెంట్ మెసేజ్‌లో గుట్టు బయటపడుతుంది.

పాత పేషెంటు: పదిహేడేళ్లప్పుడు నా ఫైలు చదివాను. ‘సహకరించడం లేదు’ అని రాశారు. అమ్మ పక్కనే ఉంటే నేనేం మాట్లాడతాను? డాక్టర్‌కి అదే చెప్పాను. ఆ వాక్యం కొట్టేయలేదు, తేదీ వేసి దాని కిందే నా మాట చేర్చారు. నిజానికి జబ్బు పేరు కన్నా ఆ రెండు ముక్కలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి.

డాక్టర్: అందుకే ‘తల్లి ఎదుట మాట్లాడలేదు’ అని చూసింది చూసినట్టు రాస్తే సరిపోతుంది. పేషెంటు చదువుతుందని అసలు సంగతి రాయకుండా వదిలేయడం ఇంకా ప్రమాదం. ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగినదీ, తను చెప్పినదీ ఫైల్లో ఉండాల్సిందే.

అడిగినవారు: థాంక్సండీ. మరి వాళ్లమ్మగారు విడిగా నాతో చెప్పుకున్న ఇంటి గొడవల సంగతేంటి?

డాక్టర్: వైద్యానికి అవసరమైనంతవరకే, ఎవరు చెప్పారో రాసి, వేరే విభాగంలో పెట్టండి. అమ్మాయికి చూపించే ముందు ఆవిడని అడగండి. వద్దంటే ఆ భాగం ఆపామని అమ్మాయికి చెప్పేయండి, ఖాళీ చూస్తే తనకెలాగూ అనుమానం వస్తుంది.