మూడు మల్గీల దుకాణం: ‘మల్గి’ తెలుగు మాటేనా?

సభ్యులకు నమస్కారం. మొన్నటి చర్చలో ఒక మిత్రులు ‘మల్గి’ (దుకాణపు గది) ఉర్దూ మాట అనీ, తెలుగు రాతలో దాని బదులు ‘అంగడి’ అని రాయడం మేలనీ అన్నారు. మా ఇంట్లో దాచుకున్న ఒక పాత ప్రకటన కార్డు ఆధారంగా నా సమాధానం చెబుతాను.

అది పాలమూరులో ఒక కుటుంబం నడిపిన దుకాణంవారు పండుగకు ముందు ఖాతాదారులకు పంపిన కార్డు. స్టాంపు విలువ నయా పైసల్లో ఉన్నది కనుక 1957 ఏప్రిల్‌కు ముందుది కాదు. చిరునామా పక్క సగంలో, ఎర్రసిరాతో, ‘మా మూడు మల్గీల దుకాణమందు గద్వాల, నారాయణపేట చీరలు, కిరాణా సామాను, ఇత్తడి పాత్రలు సరసమైన ధరలకు లభించును’ అని అచ్చువేసి, కింద తండ్రి పేరు, దాని పక్కన ‘అండ్ సన్స్’ అని పెట్టారు.

ఈ వాక్యంలో మల్గి, దుకాణం పక్కపక్కనే ఉన్నా ఒకదాని బదులు ఇంకొకటి పెట్టలేము. రోడ్డువైపు తెరుచుకునే గది మల్గి. అందులో సాగే వ్యాపారం దుకాణం. మల్గిని కిరాయికి తీసుకుంటాము, దుకాణం పెట్టుకుంటాము. దుకాణం ఎత్తేసినా మల్గి ఉంటుంది. ఒక మల్గిలో బట్టలతో మొదలై, కొడుకులు చేతికందిన కొద్దీ పక్క మల్గీలు కలుపుకుంటూ పోయిన ఇంటివారికి ‘మూడు మల్గీలు’ అనడమే తమ ఎదుగుదలను చెప్పుకోవడం. డిపార్ట్‌మెంటల్ స్టోర్ అనే పేరు మన వీధుల్లో వినపడక ముందు ఆ భావాన్ని ఇంత చక్కగా చెప్పిన మాటను ఎందుకు వదులుకోవాలి? ‘అంగడి’ ఇక్కడ సరిపోదు, మన తెలంగాణ వైపు అంగడి అంటే వారానికొకసారి జరిగే సంత.

ఇక పుట్టుక సంగతి. దుకాణం అనే అర్థంలో ‘మడిగ’, ‘మడిగె’ పాత తెలుగులోనే ఉన్నాయి. కన్నడంలో మళిగె అంటే దుకాణం, తమిళంలో మళిగై అంటే కిరాణా సరుకు. ఉర్దూలో ళకారం లేదు కనుక హైదరాబాదు వాడుకలో అది లకారమై, నడుమ అచ్చు జారిపోయి ‘మల్గి’ అయిందని నా అభిప్రాయం. అరబ్బీ నుంచి ఫారసీ మీదుగా వచ్చిన ‘దుకాణం’ మీద ఎవరికీ అభ్యంతరం లేనప్పుడు, మన మాటకే ఈ శిక్ష న్యాయం కాదు.

కరీంనగర్, వరంగల్ వైపు నేటికీ ‘మడిగెలు’ అంటున్నారు. దేవరకొండ, అచ్చంపేట, వనపర్తి వైపు పెద్దల నోట డకారంతో ఈ మాట విన్నవారుంటే, ఏ సందర్భంలో విన్నారో దయచేసి రాయగలరు.