సీహెచ్ఎఫ్ మోడల్: షాప్ (SHAP) చూపేది నమ్మొచ్చా?

ఎంటెక్, నల్లగొండ:
నిలువు ట్యూబులో నీటికి క్రిటికల్ హీట్ ఫ్లక్స్ (సీహెచ్ఎఫ్, అంటే మరిగే నీరు గోడను ఇక సరిగా చల్లబరచలేని వేడి హద్దు) అంచనా, మెషిన్ లెర్నింగ్ పద్ధతి ఎక్స్‌జీబూస్ట్‌తో. ఇన్‌పుట్లు పీడనం, మాస్ ఫ్లక్స్ (చదరపు మీటరుకు సెకనులో పారే ద్రవ్యరాశి), వ్యాసం, పొడవు, ఇన్‌లెట్ సబ్‌కూలింగ్ (లోపలికొచ్చే నీరు మరిగే స్థాయికి ఎంత కింద ఉందో), అవుట్‌లెట్ క్వాలిటీ (బయటికెళ్లే చోట ఆవిరి వాటా). ఆర్ స్క్వేర్ (అంచనా ఎంత సరిపోయిందో చెప్పే స్కోరు, 1 అయితే పక్కా) 0.99 దాటింది, ఏ ఇన్‌పుట్ వాటా ఎంతో చూపే షాప్‌లో క్వాలిటీయే పైన. ఇది ఫిజిక్సేనా అన్నా?

మిర్యాలగూడ:
కాదు తమ్మీ, లీకేజీ. అవుట్‌లెట్ క్వాలిటీని లెక్కగట్టిందే సీహెచ్ఎఫ్ నుంచి. హీట్ బ్యాలెన్స్ తిప్పి రాయి: సీహెచ్ఎఫ్ = మాస్ ఫ్లక్స్ × వ్యాసం × (క్వాలిటీ × గుప్తోష్ణం + సబ్‌కూలింగ్ ఎంథాల్పీ) ÷ (4 × పొడవు). ఆరూ ఇస్తే జవాబు చేతిలో పెట్టినట్టే. క్వాలిటీ తీసెయ్, లేదంటే అది ఉంచి పొడవు, సబ్‌కూలింగ్ రెండూ తీసెయ్.

మహబూబ్‌నగర్:
స్కోరు పడిపోతది, భయపడకు. ఒకే ప్రయోగం పాయింట్లు ట్రెయిన్, టెస్ట్ రెండింట్లో పడితే మళ్లీ అదే మోసం. మూలం కాలమ్‌తో గ్రూప్ స్ప్లిట్ చెయ్, అంటే ఒక మూలం పాయింట్లన్నీ ఒకే వైపు ఉంచు. కలిసి మారే ఇన్‌పుట్ల మధ్య షాప్ వాటా పంచేస్తది, ఒక ఇన్‌పుట్ కొద్దిగా మారితే అంచనా ఎలా మారుతదో చూపే ఏఎల్ఈ (ALE) ప్లాట్ కూడా గియ్యి. 2006 గ్రోనెవెల్డ్ సీహెచ్ఎఫ్ విలువల టేబుల్‌తో పోలిస్తే అది 8 మి.మీ. ట్యూబుకు, వ్యాసం కరెక్షన్ మరవకు.