చవక మంగలి కత్తి: మధ్యలో పదును, మడమ దగ్గర మొద్దు

కొత్తచేయి:
ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి దొరికే చైనా తయారీ మడత కత్తి తీసుకున్నాను. కార్బన్ స్టీలు, ఆరు బై ఎనిమిది (6/8) అంగుళం వెడల్పు. కింగ్ 1000/6000 రాయి (ఒక వైపు 1000, రెండో వైపు 6000; అంకె పెరిగేకొద్దీ గరుకు సన్నం) మీద సాన పడుతున్నా. మధ్యభాగం చేతి మీది వెంట్రుకల్ని గీస్తోంది. పిడి వైపు కొసన, అంటే మడమ దగ్గర, అంగుళం మేర అస్సలు తెగట్లేదు. గడ్డం మీద పెడితే పీకుతోంది. ఇంకాస్త ఒత్తి నూరాలా, 8000 రాయి కొనాలా?

వాదర:
రెండూ వద్దండి. ముందు పర్మనెంట్ మార్కర్‌తో వాదరకి రెండు వైపులా, వెన్నుకి, మడమ దగ్గరున్న లావుపాటి దిమ్మెకి సిరా పూయండి. వెన్ను, వాదర రెండూ రాయికి ఆనేలా పెట్టి, ఒత్తకుండా 1000 మీద అటొకసారి ఇటొకసారి లాగి చూడండి. దిమ్మె మీద సిరా చెరిగి, దాని పక్కన వాదర మీద అలాగే ఉంటే విషయం తేలిపోయినట్టే. ఈ రకం కత్తుల్లో ఆ దిమ్మె రాయి మీదికి ఎక్కుతుంది, మడమ గాల్లో ఉండిపోతుంది. వందసార్లు నూరినా అక్కడ రాయి తగలదు. గట్టిగా ఒత్తితే పల్చటి రేకు వంగి, మధ్యలోనే ఇంకా అరుగుతుంది.

నీటిసాన:
రాయి కూడా చూసుకోండి. కింగ్ రాళ్లు మెత్తన, మధ్యలో త్వరగా గుంట పడతాయి. రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, 400 వాటర్ పేపర్‌ని పాలిష్ చేసిన గ్రానైట్ ముక్క మీద పరిచి, నీళ్లు పోస్తూ రుద్దండి. గీతలన్నీ ఒకేసారి పోతే రాయి సమంగా ఉన్నట్టు. గ్రానైట్ కోసే షాపుల్లో తుక్కు ముక్కలు ఊరికే ఇస్తారు. తర్వాత రాయిని బాగా కడగాలి, ఊడిన గరుకు ఒక్క రేణువున్నా వాదరని గంటు కొడుతుంది.

కొత్తచేయి:
సిరా దిమ్మె మీదే చెరిగింది. మడమ దగ్గర వాదర నల్లగానే ఉంది. గ్రైండర్‌తో తీసేయొచ్చా?

వాదర:
గ్రైండర్ జోలికి పోకండి. స్టీలు నీలం తిరిగిందంటే టెంపర్ (స్టీలుకి ఇచ్చిన గట్టిదనం) దిగిపోయినట్టే, ఆ మేర ఇక పదును నిలవదు. వాదరకి రెండు వరసల టేపు చుట్టి, చెక్క ముక్కకి వాటర్ పేపర్ అంటించి 220తో దిమ్మెని అరగదీయండి. మధ్యమధ్య నీళ్లలో ముంచుతుండండి. ఓపిక కావాలి, అంతే. తర్వాత వెన్నుకి ఎలక్ట్రికల్ టేపు ఒక్క వరస వేసి మళ్లీ 1000తో మొదలుపెట్టండి. టేపుతో కోణం దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది, కాబట్టి చివరి రాయి దాకా ఉంచాలి. అరిగితే మార్చండి, మధ్యలో తీసేస్తే వాదర రాయికి అందదు.

వాదర ముందుండేలా, మడమతో మొదలై కొనతో ముగిసేలా ఏటవాలుగా లాగాలి. మడమ నుంచి కొన దాకా ఎక్కడ ఆనించినా చేతి వెంట్రుక తెగేవరకు 1000 వదలొద్దు. కొత్తవాళ్లు తొందరపడేది ఇక్కడే. 1000 మీద కుదరనిది 8000 మీద కుదరదు.

ఫిల్ముపక్షం:
వాదర గారితో ఏకీభవిస్తూనే ఒక మాట. 1000 నుంచి నేరుగా 6000కి దూకితే లోతు గీతలు పోవడానికి చాలాసేపు పడుతుంది. చేతిలో డబ్బు తక్కువైతే కొత్త రాయి బదులు ల్యాపింగ్ ఫిల్ము (సన్నటి గరుకు పూసిన ప్లాస్టిక్ రేకు) కొనండి. 9, 3, 1 మైక్రాన్ గరుకువి చాలు. అదే గ్రానైట్ ముక్క మీద నీళ్లు చల్లి అతికించండి, కింద గాలి బుడగ ఉంటే ఫిల్ము చిరుగుతుంది. ఇక్కడ కత్తి బరువు తప్ప చేతి బరువు పడకూడదు.

నీటిసాన:
ఫిల్ము పల్చన, కొత్తచేతికి చిరిగేదే ఎక్కువ. 6000 తర్వాత 0.5 మైక్రాన్ క్రోమియం ఆక్సైడ్ (పచ్చ పేస్టు) పూసిన తోలు మీద పది పదిహేను సార్లు లాగినా గడ్డానికి సరిపోయేంత నునుపు వస్తుంది. పచ్చ పేస్టుకి వేరే తోలు ఉంచుకోండి, రోజూ కత్తిని లాగే తోలు, కాన్వాసు పట్టీకి అంటనివ్వొద్దు.

ఆ రోజువారీ పట్టీ మీద కాన్వాసు వైపు ఇరవై, తోలు వైపు యాభై చాలు. వెన్ను ముందు, వాదర వెనక. వెనక్కి తిప్పేటప్పుడు వెన్ను మీదే దొర్లించాలి. వాదర మీద తిప్పితే తోలూ తెగుతుంది, వాదరా మడతపడుతుంది. పట్టీని బిగుతుగా లాగి పట్టుకోండి, వదులుగా వేలాడితే వాదర గుండ్రబడి మళ్లీ పీకుడు మొదలవుతుంది.