అప్‌డేట్: లంకలో పిల్లలకు విరేచనాలైతే, పడవ దొరికేలోపు

గోదావరి పోటు మీదున్నప్పుడు, నది మధ్య దీవి అయిన మా లంకలో పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఏం చేయాలని అడిగాను కదా. పిల్లల ఆసుపత్రి నర్సు ఊళ్లో తల్లులకు చేసి చూపించిన పద్ధతి ఇదీ.

ఓఆర్ఎస్ అంటే విరేచనాల్లో పోయిన నీటినీ లవణాలనూ భర్తీ చేయడానికి నీళ్లలో కలిపి తాగించే పొడి. లీటరు ప్యాకెట్టు మొత్తం ఒకేసారి, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో కలపాలి. సగం పొడి గ్లాసులో వేస్తే సోడియం ఎక్కువైపోతుంది. తప్పు జరిగేది ఇక్కడే. కలిపాక మళ్లీ కాచొద్దు, 24 గంటలు దాటితే పారబోయాలి. విరేచనమైన ప్రతిసారీ రెండేళ్లలోపు వాళ్లకు 50–100 మి.లీ., రెండేళ్లు దాటిన పిల్లలకు 100–200 మి.లీ. పట్టాలి. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి, చెంచాతో మెల్లగా పట్టాలి. తల్లిపాలు ఆపకూడదు.

దాంతోపాటు జింకు మందు ఆరు నెలలు దాటితే రోజుకు 20 మి.గ్రా., రెండు నుంచి ఆరు నెలల మధ్య 10. విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయాల్సిందే.

కోనసీమలో కొబ్బరినీళ్లకు కొదవేముంది! కానీ వాటిలో సోడియం తక్కువ, ఓఆర్ఎస్‌కు బదులు పనికిరావు.

కళ్లు లోతుకు పోయినా, పొట్ట మీద గిల్లిన చర్మం వెంటనే సర్దుకోకపోయినా, మగతగా ఉండి తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా, రెండు నెలల్లోపు బిడ్డయినా ఆగొద్దు. 108కి చేసి, పడవ ఏ రేవుకు చేరుతుందో ముందే చెప్పాలి. బిడ్డ తాగగలిగితే దారిపొడుగునా ఓఆర్ఎస్ పట్టిస్తూనే ఉండాలి.