మధ్యయుగపు ఆంగ్ల చిత్రిత గ్రంథాలలో ఫ్రెంచి చేయి ఎంత?

ప్రశ్న (మైలాపూరు విద్యార్థిని)

నమస్కారం. నేను చెన్నైలో తంజావూరు చిత్రలేఖనం నేర్చుకుంటున్నాను. ఈ మధ్య బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న క్వీన్ మేరీ సాల్టర్ పుటల ఫొటోలు చూశాను. 1310-1320 ప్రాంతంలో ఇంగ్లండులో తయారైన బైబిలు కీర్తనల గ్రంథం అది. కీర్తనలు లాటిన్‌లో ఉన్నా, ముందున్న పాత నిబంధన కథల బొమ్మల కింద వివరణలు ఫ్రెంచిలో ఉన్నాయి. మనుషులు సన్నగా, నడుము కొద్దిగా వంచి, సుకుమారంగా నిలబడి ఉన్నారు. అది ప్యారిస్ ధోరణి అని చదివాను. అలాగైతే ఇంగ్లండు చిత్రకారుల సొంత సొత్తు అంటూ ఏమైనా ఉన్నదా, లేక అంతా అనుకరణేనా?

జవాబు (అన్నానగర్, విశ్రాంత అధ్యాపకుడు)

అమ్మా, ముందు భాష సంగతి విడిగా పెట్టండి. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక అక్కడి ప్రభువర్గం తరతరాలపాటు ఫ్రెంచి మాట్లాడింది కాబట్టి, ఆ వివరణలు పుస్తకం చదివేవారి భాషను చెబుతాయే గాని చిత్రకారుడు ఎక్కడ పని నేర్చుకున్నాడో చెప్పవు. తంజావూరు నాయకరాజుల కొలువులో తెలుగు యక్షగానాలు వెలిశాయని అక్కడి శిల్పులందరూ తెలుగువారేనని ఎవరైనా అంటారా?

బొమ్మల విషయంలో మాత్రం మీరు చదివింది నిజమే. 13వ శతాబ్దపు ఫ్రెంచి రాజు తొమ్మిదో లూయీ కాలం నుంచి ప్యారిస్ పనితనానికి ఐరోపా అంతటా గిరాకీ ఉండేది. ఆ వంపు, మెత్తగా జారే మడతల బట్టలు అక్కడి నుంచి వచ్చినవే. అయితే అదే గ్రంథంలో రెండు పద్ధతులున్నాయి, గమనించండి. పెద్ద చిత్రాలకు నిండు రంగులు, బంగారు నేపథ్యం ఉంటాయి. పాత నిబంధన కథలకు, పుట అడుగున వేసిన వేటలకు, వింత జంతువులకు కలంతో గీత గీసి, పలచని రంగు పూతతో సరిపెట్టారు. గీతను నమ్ముకున్న ఆ రెండో పద్ధతి ఇంగ్లండులో ఏనాటి నుంచో వేళ్లూనుకున్నది.

జవాబు (తాంబరం)

అధ్యాపకుల వారితో ఒక్క చోట విభేదిస్తాను. ఆ గీతకు కూడా ఫ్రాన్సు నేల నుంచే నీరు అందింది. ఉట్రెక్ట్ సాల్టర్ అనే మరో కీర్తనల గ్రంథాన్ని 820-830 ప్రాంతంలో ఫ్రాన్సులోని రీమ్స్ పరిసరాల్లో గోధుమరంగు సిరాతో గీశారు. అందులో ప్రతి కీర్తననూ మాటకు మాట బొమ్మ కట్టారు. ‘ప్రభువా, మేలుకొనుము, ఎందుకు నిద్రించుచున్నావు’ అనే అర్థం వచ్చే కీర్తనకు దేవుణ్ణి ఏకంగా మంచం మీద పడుకోబెట్టారు! మేలుకొలుపులు పాడుకునే మనకు అది వింతగా తోచదు. ఆ గ్రంథం సుమారు 1000 నాటికి ఇంగ్లండులోని కాంటర్‌బరీ చేరింది. అక్కడివారు రెండు వందల ఏళ్లలో దానిని మూడుసార్లు నకలు చేసుకున్నారు, కాని ఒక్కసారీ ఉన్నది ఉన్నట్టు దించలేదు. మొదటి నకలులో ఒక్క గోధుమరంగుతో ఆగక ఎరుపు, నీలం, ఆకుపచ్చ సిరాలు వచ్చాయి. 12వ శతాబ్ది నడుమ తయారైన రెండో నకలు ఈడ్విన్ సాల్టర్‌లో గీతలు బిగిశాయి, లాటిన్ పాఠానికి తోడు పాత ఇంగ్లీషు, ఫ్రెంచి టీకలు కూడా చేరాయి. దీన్ని అనుకరణ అనడం నాకు మనస్కరించదు.

పైగా రాకపోకలు ఒకవైపే సాగలేదు. సుమారు 1000లో ఉత్తర ఫ్రాన్సులోని సెయింట్-బెర్టిన్ మఠానికి ఇంగ్లండు చిత్రకారుడు వెళ్లి పని చేశాడు. 12వ శతాబ్ది చివరి గ్రంథాలు కొన్ని ఇంగ్లండు, ఫ్రాన్సుల నడుమనున్న సముద్రానికి (ఇంగ్లిష్ ఛానల్) ఏ ఒడ్డున పుట్టాయో తేల్చలేక, పండితులు వాటిని ‘ఛానల్ శైలి’ అని పిలుస్తారు.

ప్రశ్న వేసినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. తంజావూరు పటంలో సుద్దపొడి, జిగురు కలిపి ఉబ్బెత్తు చేసి పైన బంగారు రేకు అంటిస్తాము. వాళ్లూ అంతేనా?

జవాబు (అన్నానగర్)

దాదాపు అంతే. చర్మపత్రం మీద జిప్సం పొడి, జిగురు కలిపిన పూత వేసి, రేకు అంటించి, కుక్కపన్నుతో రుద్ది మెరుగు పెట్టేవారు. మరో ముచ్చట: 1255లో ఫ్రెంచి రాజు ఇంగ్లండు రాజుకు ఒక ఏనుగును కానుకగా పంపాడు. పేరులో ప్యారిస్ ఉన్నా ఇంగ్లండు సన్యాసి అయిన మాథ్యూ ప్యారిస్ దానిని కళ్లారా చూసి గీశాడు. ఏనుగుకు మోకీళ్లు ఉండవని అప్పటి గ్రంథాలు రాస్తుండగా, ఆయన మాత్రం కీళ్లు స్పష్టంగా వేశాడు.